పారాసిటమాల్ లేని పుస్తకం

బంద్ అంటే దుకాణం మూసెయ్యాలి, కాదంటే పూర్తిగా తెరవాలి. ఈ షట్టర్ సగం దించి, వచ్చినవాళ్లను వంగి రమ్మనే వ్యాపారం ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లను పిలిచి నాలుగు తిట్టాలి. దానివల్ల ఈ ఊళ్లో ఎన్ని నుదుళ్లు బొప్పి కట్టాయో ఎవరైనా పట్టించుకున్నారా? సారలమ్మ నుదురు వాటిలో ఒకటి.

తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీదికొచ్చిన చలికాలం అది. వారానికి రెండు బంద్‌లు మామూలైపోయాయి. తార్నాక చౌరస్తాకు కొంచెం ఇవతల బాలస్వామి బుక్ స్టాల్ షట్టర్ నడుము ఎత్తున ఆగి ఉంది. సారలమ్మ నర్సింగ్ రెండో సంవత్సరం. మర్నాటి నుంచి వార్డు డ్యూటీ. మందుల వివరాలుండే డ్రగ్ గైడ్ లేకుండా రావద్దని మేడమ్ ఆర్డర్. తప్పేదేముంది, వంగి లోపలికి దూరబోయింది.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఒక కుర్రవాడు వంగి బయటికి రాబోయాడు.

రెండు తలలూ ఠంగుమన్నాయి.

"అమ్మా! కండ్లు కనవడ్తలేవా?" అంది సారలమ్మ.

"మీకు కనబడ్డాను కదా, మీరాగొచ్చుగా?"

"లోపటికొచ్చేటోళ్లకు దారియ్యాలె."

"బస్సులో దిగేవాళ్లు దిగాకే ఎక్కేవాళ్లు ఎక్కాలండీ."

"గిది బస్సు గాదు!"

అతని పేరు రఘువీర్. యూనివర్సిటీలో ఫార్మసీ చదువుతున్నాడు. ఇల్లు ఆ వెనక సందులోనే. బయటికి వెళ్లాల్సిన మనిషి నుదురు రుద్దుకుంటూ మళ్లీ లోపలికే ఎందుకొచ్చాడో అతనికీ తెలియదు. వచ్చి, షెల్ఫ్ దగ్గర నిలబడి, చదివేసిన పుస్తకాన్నే మళ్లీ తిరగేయడం మొదలుపెట్టాడు.

"బాలస్వామన్నా, నర్సింగ్ వార్డుకు డ్రగ్ గైడ్ సూపియ్యి" అంది సారలమ్మ.

బాలస్వామి కౌంటర్ మీద రెండు పెట్టాడు. ఒకటి లావుగా, నిగనిగలాడే అట్టతో, లోపల రంగురంగుల మాత్రల బొమ్మలతో ఉంది. రెండోది మన దేశంలోనే అచ్చయిన సన్నపాటి పుస్తకం. సారలమ్మ రెండింటినీ చేతుల్లోకి తీసుకుని బరువు చూస్తోంది.

"మీకు ఆ చిన్నది సరిపోతుందండీ" అన్నాడు రఘువీర్, ఎవరూ అడగకుండానే. "అంత పెద్దది మీకెందుకు?"

సారలమ్మ తల నెమ్మదిగా తిరిగింది.

"మీకు అంటే?"

"అంటే... నర్సింగ్ కదా... మా ఫార్మసీవాళ్లకైతే..."

బాలస్వామి పైకప్పు వంక చూశాడు. అనుభవజ్ఞుడు.

"ఓహో! నర్సులకు గింత పుస్తకం సాలు! మందు రాసేది డాక్టరు, తయారుజేసేది నువ్వు. మరి పేషెంటు నోట్ల వేసేదెవలు? తప్పయితే మాటలు పడేదెవలు? ఆ మందు ఎక్కి ఒళ్లు వణికితే పక్కన నిలవడేదెవలు? నువ్వొస్తవా?"

"నేనన్నది అది కాదండీ. అసలు సంగతేంటంటే ఆ పెద్దది అమెరికాలో..."

"అమెరికాదైతే ఇంకా మంచిది! మాకు నీళ్లు గిన్ని సాలు, కొలువులు గిన్ని సాలు అని ఇన్నేండ్లు మీ ఆంధ్రోళ్లే చెప్పిన్రు. ఇప్పుడు పుస్తకం గూడ గింతే సాలా? మాకేది సరిపోతదో చెప్పనీకె నువ్వెవలు?"

రఘువీర్ ముఖం ఎర్రబడింది. "ముందు ఆ నువ్వు అనడం ఆపండి. పరిచయం లేని మనిషిని నువ్వంటారా?"

"మేం దేవున్ని గూడ నువ్వనే అంటం. నువ్వు అంతకన్న పెద్దోనివా?"

బాలస్వామి దగ్గి, బిల్లు పుస్తకం తీశాడు. "ఏ బుక్కు బిడ్డా? పేరేంది?"

"పెద్దదే. సారలమ్మ."

"సరళ గారూ, ఒక్క మాట వినండి..."

"సరళ గాదు! సారలమ్మ. జాతర ఏడు పుట్టిన. దేవత పేరు వెట్టిన్రు. కత్తిరించుకోనీకె అది రవికె గుడ్డ గాదు."

ఆ కోపంలోనే కౌంటర్ మీది పెన్ను లాక్కుని, ఇంకెవరూ కత్తిరించకుండా, మొదటి పేజీలో పేజీ నిండా తన పేరు రాసుకుంది. పుస్తకం గుండెకు హత్తుకుని షట్టర్ కింద నుంచి వెళ్లిపోయింది. ఈసారి తల తగలకుండా వంగింది.

"నేను చెప్పబోయింది వేరన్నా" అన్నాడు రఘువీర్ దీనంగా.

"చెప్పబోయింది ఎవలకు గావాలె బిడ్డా? చెప్పింది ఇన్నది" అన్నాడు బాలస్వామి.

* * *

విజయశ్రీ మేడమ్ వార్డులో ఒక పద్ధతి ఉంది. మందుల ట్రాలీ మీద చెయ్యి వేసే ముందు స్టూడెంట్ తన సొంత డ్రగ్ గైడ్ తెరిచి, ఆ మందున్న పేజీ మీద వేలు పెట్టి చూపించాలి. పక్కవాళ్ల పుస్తకం పనికిరాదు, బట్టీపట్టి అప్పజెప్పడమూ పనికిరాదు. పేజీ చూపిస్తేనే మందు.

"సరళా, నువ్వు రా" అంది మేడమ్. "ఈ అవ్వకి జ్వరం. పారాసిటమాల్ ఇవ్వాలి. పేజీ చూపించు."

ఎంత తేలికైన మందు! సారలమ్మ నవ్వుకుంటూ పుస్తకం తెరిచింది. పాంటోప్రజోల్ ఉంది. దాని తర్వాత ఇంకేదో ఉంది. పెన్సిలిన్ వచ్చేసింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది. పుస్తకం చివర సూచిక చూసింది. లేదు. వెనక బ్యాచ్‌లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమైంది?"

"మేడమ్... దీంట్ల లేదు."

"కిరాణా కొట్టులో దొరికే మాత్ర, నీ పుస్తకంలో లేదా?"

మంచం మీద రాములవ్వ దుప్పటిలోంచి తల బయటపెట్టింది. "గింత లావు బుక్కుల జరం గోలీ లేదా బిడ్డా? మరి గదేం బుక్కు?"

వార్డు మొత్తం గొల్లుమంది. నవ్విన ప్రతివాళ్ల ముఖమూ సారలమ్మ గుర్తుపెట్టుకుంది. ఆమె అలాంటిదే.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "ట్రాలీ ముట్టుకోవద్దు. నెలాఖరు అసెస్‌మెంట్‌లో నేనడిగిన ప్రతి మందుకీ పేజీ చూపించాలి. లేదంటే ఈ పోస్టింగ్ మళ్లీ చెయ్యాలి. మీ బ్యాచ్ పైకెళ్తుంది, నువ్వు ఇక్కడే ఉంటావు. సరైన గైడ్ తెచ్చుకో."

ములుగు దగ్గర పత్తి చేలు అమ్ముకోకుండా, అప్పులపాలు కాకుండా, ఇద్దరు పిల్లలను పట్నంలో చదివిస్తున్న తండ్రి ఆమె కళ్ల ముందు మెదిలాడు. అన్న నరహరి యూనివర్సిటీ హాస్టల్లో ఉండి రీసెర్చ్ చేస్తున్నాడు, ఉద్యమంలో తిరుగుతున్నాడు. సీతాఫల్‌మండిలో నలుగురమ్మాయిలు కలిసి ఉండే గదికి ఆమె ఏడుస్తూ పోలేదు. పళ్లు నూరుకుంటూ తిన్నగా తార్నాక పోయింది.

* * *

"గిది వాపస్ తీస్కో అన్నా. జరం గోలీ లేని పుస్తకం అమ్మినవ్."

బాలస్వామి మొదటి పేజీ తెరిచాడు. పేజీ నిండా సారలమ్మ. "పేరు రాసినంక వాపస్ లేదు బిడ్డా. గీ పేరున్న ఇంకో పిల్లను ఏడ దేవాలె నేను?"

వెనకనుంచి నవ్వు వినిపించింది. ఎవరిదో చెప్పాలా?

"ఉందండీ, అందులో ఉంది" అంటూ రఘువీర్ ముందుకొచ్చాడు. పుస్తకం మొదట్లో ఇంగ్లీషు 'ఏ' అక్షరం దగ్గర తెరిచి వేలు పెట్టాడు. "ఎసిటమినోఫెన్. అమెరికాలో పారాసిటమాల్‌ని ఇలా అంటారు. మన సాల్బుటమాల్ వాళ్లకి ఆల్బుటరాల్. పెథిడిన్‌కి ఇంకో పేరు. మందు ఒకటే, పిలుపు వేరు."

సారలమ్మకు ముందు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఒళ్లు మండింది.

"గీ ముచ్చట ఆనాడే చెప్పొచ్చు గద!"

"చెప్పనిచ్చారా? నీళ్లన్నారు, కొలువులన్నారు..."

న్యాయంగా చూస్తే తప్పు చెరిసగం. కానీ కోపంలో ఉన్న మనిషిని న్యాయంగా చూడమనడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

రఘువీర్ బ్యాగులోంచి ఆ సన్న పుస్తకం తీశాడు. అట్ట వేసి ఉంది. అట్ట మీద లేబుల్ కూడా అంటించి ఉంది. "నిన్ననే మీకోసం కొని ఉంచాను. మీరు దీన్ని వాడుకోండి, అది నాకిచ్చేయండి. మీ సమస్య తీరిపోతుంది."

లేబుల్ మీద, అంత చెప్పినా, ముత్యాల్లాంటి అక్షరాలతో 'సరళ' అని రాసి ఉంది.

పాపం, ఆ రోజు అతని జాతకం బాగాలేదు.

సారలమ్మ లేబుల్ వంక చూసింది. తర్వాత పుస్తకం తెరిచి చూసింది. చాలాసేపు చూసింది. కోపం మధ్యలో కూడా ఆమె చదవాల్సింది చదువుతుంది, ఆ గుణం ఒప్పుకోవాలి.

"దీంట్ల మందున్నది" అంది. "డోసు ఉన్నది, కంపెనీల పేర్లున్నయి. మనిషి లేడు."

"మనిషేంటి?"

"నా పుస్తకం సూడు. మందిచ్చే ముందు నాడి సూడాలె, గిట్ల ఉంటే ఇయ్యొద్దు అని ఉన్నది. ఇచ్చినంక ఏం కనిపెట్టాలె, ఇంటికి పోయెటప్పుడు ఏం చెప్పి పంపాలె అని ఉన్నది. నాకు గది గావాలె. పేర్లు వేరే ఉంటే నేర్చుకుంట. నువ్వు మల్ల నన్నడగకుండనే నాకేం గావాల్నో నువ్వే సెలెక్ట్ జేసినవ్. పేరు గూడ నువ్వే వెట్టినవ్!"

"సాయం చేద్దామనుకున్నానండీ!" రఘువీర్ గొంతు పెరిగింది. ఇప్పటిదాకా నవ్వినవాడికి నిజంగానే కోపం వచ్చింది. "సాయం చేసినా ఆంధ్రోడేనా? మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. నేను ఎక్కడినుంచీ రాలేదు. లాలాగూడలో పుట్టాను, ఈ సందుల్లో క్రికెట్ ఆడాను, ఈ క్యాంపస్‌లో చదువుతున్నాను. తెనాలి వెళ్తే హైదరాబాదోడు వచ్చాడంటారు. ఇక్కడుంటే ఆంధ్రోడంటారు. మరి నేనెక్కడికి పోవాలో మీరే చెప్పండి!"

సారలమ్మ లేబుల్ మీది చూపు తిప్పి అతని ముఖం వంక చూసింది.

"నిన్ను పొమ్మన్నదెవలు?" అంది సారలమ్మ, కొంచెం మెత్తగానే. "అడగకుండ చెప్పకు అంటున్న. గంతే."

పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ లేబుల్ మీది పేరును రఘువీర్ గోటితో గీకుతూ నిలబడ్డాడు. గమ్ గట్టిది, ఊడలేదు.

* * *

తర్వాతి వారం నరహరికి ఒంట్లో బాగాలేదని తెలిసి సారలమ్మ హాస్టల్‌కు వెళ్లింది. అన్నను చూసి తిరిగి వస్తుంటే ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద ఊరేగింపు, దానికి ఎదురుగా పోలీసులు. ముందు నినాదాలు, తర్వాత పరుగులు, ఆ తర్వాత టప్ టప్ మని చప్పుళ్లు. తెల్లటి పొగ చెట్ల మధ్య పాకింది. కళ్లలో కారం కొట్టినట్టయింది.

చదువుకునే పిల్లల మీద పొగ వదలడమేమిటి? నినాదానికి మారు నినాదం చెయ్యొచ్చు. లేదా చెవుల్లో దూది పెట్టుకోవచ్చు. కళ్లల్లో కారం పోయడం ఏ మర్యాద?

సారలమ్మ ఒక చెట్టు పట్టుకుని దగ్గుతోంది. ల్యాబ్ కోటులోనే పరిగెత్తుకొస్తున్న రఘువీర్ ఆమెను చూసి ఆగాడు. "ఇటు రండి" అనబోయాడు. నోరు తెరిచి మూశాడు.

"ఎటు వెళ్లాలి మీరు?" అని అడిగాడు.

"సీతాఫల్‌మండి."

"ఆ వైపు గేటు మూసేశారు. తార్నాక వైపు సందు ఉంది. మా ఇల్లు దగ్గరే. కళ్లు కడుక్కోవచ్చు. వస్తారా?"

వస్తారా అని అడిగాడు! కళ్లనుంచి ధారగా నీళ్లు కారుతున్నా ఆ మాట సారలమ్మ చెవిన పడింది.

"వస్త" అంది.

రఘువీర్ తల్లి కామాక్షి తలుపు తీస్తూనే అందుకుంది. "వచ్చావా నాయనా! ఆ పొగ ఇంట్లోకి కూడా..." అని ఖళ్లు ఖళ్లున దగ్గింది. "పొమ్మనలేక పొగబెట్టడం అంటే సామెతనుకున్నాను. ఇప్పుడు నిజంగానే పెడుతున్నారు. మూడు నెలలనుంచి ఈ దగ్గు, ఈ ఉద్యమం పుణ్యమా అని!"

అప్పుడు వెనకున్న అమ్మాయిని చూసి నాలిక కరుచుకుంది. అయినా పట్టుకెళ్లి చల్లటి నీళ్లిచ్చింది, తన చీరకొంగుతో ముఖం తుడిచింది. కోపం వేరు, మర్యాద వేరు.

"పొగ వెట్టింది మేం గాదాంటీ, పోలీసులు" అంది సారలమ్మ ఎర్రటి కళ్లతో. "మేం గూడ దగ్గుతున్నం."

"మీరు పొమ్మంటున్నారుగా మమ్మల్ని! ముప్పై ఏళ్లుగా ఇక్కడి నీళ్లు తాగుతున్నాం."

"మిమ్ముల పొమ్మంటలేం ఆంటీ. మా ఇల్లు మేం సక్కవెట్టుకుంటం అంటున్నం. మీరు ఉండున్రి."

కామాక్షి ఏదో జవాబు చెప్పబోయి మళ్లీ దగ్గింది. సారలమ్మ తల పక్కకు వంచి విన్నది. వాదన సంగతి మర్చిపోయింది. ఇప్పుడామె వార్డులో ఉంది.

"తెమడ పడ్తదా ఆంటీ?"

"లేదమ్మా, ఒట్టి పొడి దగ్గు. గొంతులో ఈక పెట్టి గెలికినట్టు."

"పొగ లేని రోజు గూడ వస్తదా?"

"రోజూ వస్తుంది. మా చెల్లెలి గృహప్రవేశానికి తెనాలి వెళ్లానా, అక్కడా వదల్లేదు."

"తెనాలిల గూడ ఉద్యమమున్నదా ఆంటీ?"

పేపర్ వెనక దాక్కున్న పేరయ్య గారు, రఘువీర్ తండ్రి, కిసుక్కున నవ్వారు. కామాక్షి ఆలోచనలో పడింది.

"బీపీ గోలీ ఏమన్న వాడుతున్నరా?"

"ఆ దగ్గు మొదలయ్యే ముందే కొత్తది రాశారు డాక్టర్ గారు. రఘూ, ఆ షీటు తీసుకురా."

రఘువీర్ తెచ్చాడు. ఎనలాప్రిల్. ఈ మందుకు రెండు దేశాల్లోనూ ఒకటే పేరు. సారలమ్మ బ్యాగులోంచి లావు పుస్తకం తీసి, పేజీ తెరిచి, అలవాటుగా వేలు పెట్టింది. ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెప్పింది. "పొడి దగ్గు రావచ్చని పేషెంటుకు ముందే చెప్పాలె. వస్తే డాక్టరుకు చెప్పుమనాలె."

రఘువీర్ అలాగే నిలబడిపోయాడు. ఈ మందు ఒంట్లో ఏం చేస్తుందో, ఆ దగ్గు ఎందుకొస్తుందో పోయిన సెమిస్టర్‌లో పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. అదే దగ్గు పక్క గదిలో మూడు నెలలుగా వింటూ, పోలీసులను కొన్నాళ్లు, ఉద్యమాన్ని కొన్నాళ్లు తిట్టాడు.

"గోలీ మీ అంతట మీరు బంద్ జెయ్యకున్రి ఆంటీ. రేపే డాక్టరుకు సూపించున్రి. అది గోలీతోనేనా కాదా, మార్చాల్నా వద్దా, ఆయన చెప్తడు."

"అయితే మూణ్ణెల్లుగా ఉద్యమాన్ని తిట్టిందంతా వృథానా కామాక్షీ?" అన్నారు పేరయ్య గారు.

"తిట్టడానికి ఇంకా కారణాలున్నాయి లెండి" అంది కామాక్షి. కానీ అమ్మాయి చెయ్యి వదల్లేదు. "నీ పేరేంటమ్మా?"

"సారలమ్మ."

"సరళా, కూర్చో, ఉప్మా..."

"సరళ కాదమ్మా" అన్నాడు రఘువీర్ విసురుగా. "సారలమ్మ. పూర్తిగా పిలువు."

సారలమ్మ తలెత్తి చూసింది. పొగ ఎప్పుడో పోయింది. అయినా ఇద్దరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, ఇద్దరూ వెంటనే వేరే వైపు చూసుకున్నారు.

ఉప్మా తిని, గుమ్మం దాటేటప్పుడు ఆమె ఆగింది. "నాకొక సాయం గావాలె."

"చెప్పండి."

"ఆ రెండో దేశం పేర్లన్ని నేర్చుకోవాలె. నేనడిగితే చెప్తవా? అడిగింది మాత్రమే."

"అడిగింది మాత్రమే" అన్నాడు రఘువీర్. గంభీరంగా అనాలనుకున్నాడు గానీ ముఖమంతా నవ్వే.

* * *

క్యాంపస్ నెమ్మదించిన సాయంత్రాల్లో ఇద్దరూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఆమె వార్డులో విన్న మందు పేరు చెప్పేది. అతను అక్కడి పేరు చెప్పేవాడు. ఆమె ఆ పేజీ తీసి, పేరు పక్కన మన పేరు రాసుకునేది. మొదట్లో మధ్య రెండు మెట్ల దూరం ఉండేది. తర్వాత ఒక మెట్టు. తర్వాత, అక్షరాలు కనబడట్లేదనే వంకతో, అదీ లేదు.

"ఫ్రూసెమైడ్?"

"ఫ్యూరోసెమైడ్. దాదాపు ఒకటే."

"అడ్రినలిన్?"

"ఎపినెఫ్రిన్. దేనికంటే..."

"నేనడిగిన్నా?"

"లేదు."

"మరి?"

"ఊరికే నోరు జారింది."

ఒకసారి తన నోటికి అడ్డంగా వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పగలబడి నవ్వింది. అంతవరకు ఆ మనిషికి నవ్వొచ్చని అతనికి తెలియదు. ఇంటికెళ్తుంటే రోడ్డు మీద తనలో తనే నవ్వుకున్నాడు. ఎదురొచ్చిన కానిస్టేబుల్ అనుమానంగా చూశాడు.

నెలాఖరు వచ్చింది.

"ఇంకా అదే పుస్తకమా?" విజయశ్రీ మేడమ్ కనుబొమలు ముడిచింది. "సరైనది తెచ్చుకోమన్నాను."

"గిదే సరైనది మేడమ్. అడగున్రి."

మాట తెగువగానే వచ్చింది గానీ లోపల భయమే. ఒక్క పేజీ తప్పినా బ్యాచ్ పైకి పోతుంది, తను ఇక్కడే మిగులుతుంది. నాన్నకు ఏమని చెప్పాలి?

మేడమ్ వరసగా అడిగింది. గ్లిబెన్‌క్లమైడ్. పెథిడిన్. సాల్బుటమాల్. పేజీ, వేలు. పేజీ, వేలు. ఇచ్చే ముందు ఏం చూస్తావు? ఇచ్చాక ఏం గమనిస్తావు? చెప్పింది. మొన్న నవ్విన ముఖాలన్నీ తమ సన్న పుస్తకాల్లో ఆ జవాబుల కోసం వెతుక్కుంటున్నాయి, దొరకడం లేదు. సారలమ్మ ఆ ముఖాలను కూడా గుర్తుపెట్టుకుంది.

"పారాసిటమాల్?"

చూడకుండానే తెరిచింది. అచ్చులో పెద్దక్షరాలతో ఉన్న ఎసిటమినోఫెన్ పక్కన నీలం సిరాతో రాసుకున్న పారాసిటమాల్. దాని మీద వేలు పెట్టింది.

"పుస్తకం అమెరికాది మేడమ్, వార్డు మనది. పుస్తకాన్ని వార్డుకు అలవాటు జేసిన."

మేడమ్ పుస్తకం చేతికి తీసుకుంది. పేజీలు తిప్పి, చివరికి మొదటి పేజీ దగ్గర ఆగింది. పేజీ నిండా ఉన్న పేరు చూసింది. చాలాసేపు చూసింది.

"ట్రాలీ తీసుకో, సారలమ్మా" అంది.

* * *

ఆ మర్నాడు మళ్లీ బంద్. మళ్లీ సగం షట్టర్. సారలమ్మ కబురు చెబుదామని జాగ్రత్తగా వంగి లోపలికి వచ్చేసరికి, ఒక జూనియర్ అమ్మాయి రెండు గైడ్లు పట్టుకుని తికమకపడుతోంది. పక్కన రఘువీర్.

"ఏది తీసుకోమంటారు సార్?"

సారలమ్మ గడప దగ్గరే ఆగింది. రఘువీర్ నోరు తెరిచాడు. మూశాడు.

"వార్డులో మీకేం ఇబ్బందవుతోంది? ముందది చెప్పండి" అన్నాడు. "ఆ రెండూ తిరగేసి, మీ జవాబు దేంట్లో దొరికితే అది తీసుకోండి. పెద్దదైతే పేర్లు వేరేగా ఉంటాయి, అదొక్కటి చూసుకోండి."

అమ్మాయి తీరిగ్గా తిరగేసి, తనకు కావలసింది తీసుకుని వెళ్లింది. రఘువీర్ తలెత్తి సారలమ్మను చూశాడు. ఆమె ముఖం చూడగానే పాసైందని అర్థమైంది. సంతోషంలో, ఇన్నాళ్లు దాచుకున్న మాట తొందరపడి బయటికి దూకింది.

"నేనూ ఒకటి ఎంచుకున్నాను."

"ఏంది?"

"నిన్ను."

అయిపోయింది. బాలస్వామి మళ్లీ పైకప్పు వంక చూశాడు.

"ఎంచుకున్నవా? నేనేమన్న షెల్ఫుల పుస్తకమా? దుమ్ము దులిపి తీస్కపోతవా? ఇంత చెప్పినంక గూడ అడగాలని తెల్వదా నీకు? నన్నడిగినవా?"

"లేదు" అన్నాడు రఘువీర్. "సారలమ్మా... నేను నీకు ఇష్టమేనా?"

సారలమ్మ కోపంగా ఏదో అనబోయింది. కౌంటర్ మీద, ఆనాడు రఘువీర్ వదిలేసి వెళ్లిన, అట్ట వేసిన ఆ సన్న పుస్తకం కనబడింది. లేబుల్ సగం గీకి, సగం మిగిలి ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుంది. బాలస్వామి జేబులోని పెన్ను తీసుకుంది. మొదటి పేజీ తెరిచి పెద్దక్షరాలతో సారలమ్మ అని రాసింది. దాని కింద, అంతే పెద్దగా, రఘువీర్ అని రాసింది.

"పేరు రాసినంక వాపస్ లేదు బిడ్డా" అన్నాడు బాలస్వామి నవ్వాపుకుంటూ. "మల్ల నా మీదికి రావద్దు."

"వాపస్ అడిగిందెవలన్నా?"

రఘువీర్ ఆ రెండు పేర్ల వంక చూస్తూ ఉండిపోయాడు. డాక్టరు గోలీ మార్చాక అమ్మ దగ్గు తగ్గిందని, 'ఆ సారలమ్మను భోజనానికి పిలవరా' అని రోజూ పోరుతోందని చెప్పాలనుకున్నాడు. కానీ ఇంకో భయం ముందొచ్చింది.

"మరి మీ అన్నయ్యకి ఏమని చెబుతావు? ఉద్యమంలో తిరిగే మనిషి. ఆంధ్రా అబ్బాయంటే..."

సారలమ్మ కళ్లలో మళ్లీ నిప్పులు రేగాయి.

"ఆంధ్ర పిలగాడని ఎందుకు చెప్త? లాలాగూడ పిలగాడని చెప్త. నిన్న రాత్రే చెప్పిన. గట్లయితే తీస్కరా, సూస్త అన్నడు."

ఎన్నో ఏళ్లుగా ఎవరైనా తనను ఆ మాట అనాలని రఘువీర్ ఎదురుచూస్తున్నాడు. అది ఇంత కోపంగా వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. అతను ముందుగా వెళ్లి రెండు చేతులతో షట్టర్ పట్టి పూర్తిగా పైకి ఎత్తాడు. బంద్ అని బాలస్వామి వెనకనుంచి అరుస్తున్నా వినిపించుకోలేదు. సారలమ్మ తల వంచకుండా బయటికి నడిచింది.